వియ్యంకుడి కాంటా, మూడో నియమం

చర్ల పక్కన అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు మొదటిసారి వెళ్ళిన రోజు, దారిలో పులి ఎదురయిందని పిల్లలకు చెప్పాను. డ్రైవర్ హారన్ కొడితే అది తోక ఆడించి పక్కకు తప్పుకుందని కూడా చెప్పాను. తొమ్మిదో తరగతి మొత్తం నన్ను చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకుని, కోయ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. అడవిలో పుట్టిన పిల్లల దగ్గర పులి కథలు చెప్పకూడదన్న ఇంగితం నాకు అప్పటికి లేదు. మర్నాడు అది పులి కాదు, అడవిపంది అని దిద్దుకున్నాను. ఆ వారం గడిచేసరికి అది చెక్‌పోస్టు పక్కన బురదలో పొర్లుతున్న ఊరపంది అయింది. అది కూడా మాకు ఎదురు రాలేదు. కిటికీలోంచి నేనే చూశాను.

నా ఉద్యోగం సంగతీ అంతే. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్డుగా రిటైరయ్యానని చెప్పుకుంటాను. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఇద్దరం. రెండో ఆయన సెలవు పెట్టిన రోజున నేనే హెడ్డుని. మా అమ్మాయిని చర్లలో ఇచ్చాం. మనవణ్ణి ఎత్తుకోవడానికి మా ఆవిడ, ఆమె వెనక సంచులు మోయడానికి నేను వచ్చి, అమ్మాయి అత్తవారింటికి రెండు వీధుల అవతల కిరాయికి దిగాం. సంచులు మోసే పని పొద్దున తొమ్మిదికల్లా అయిపోయేది. ఆ తర్వాత రోజంతా మా ఆవిడకు నేను అడ్డం. అలాంటి సమయంలో ఆశ్రమ పాఠశాలలో ఫిజిక్స్ చెప్పే టీచరుకు బదిలీ అయిందని, కొత్తవారు వచ్చేదాకా ఎవరైనా వచ్చి చెబితే బాగుండునని పెద్ద మేడమ్ అన్నారని తెలిసింది. నన్ను బతిమాలితే వెళ్ళానని ఊళ్ళో చెప్పాను. అడిగింది నేనే. ఆమె ఒప్పుకోవడానికి రెండు రోజులు ఆలోచించారు.

మొదట్లో పిల్లలకు నేనంటే భయం. పులి ఊరపందిగా మారాక భయం పోయి, పేరు వచ్చింది: గప్పాల సారు. గప్పాలంటే గొప్పలు, కోతలు, నా వంటివాళ్ళకు ఊపిరి. ఆ పేరు నాకు కోపం తెప్పించలేదు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. దాని ఖరీదు ఎంతో బలాల పాఠం మొదలుపెట్టాక గానీ తెలియలేదు.

బలం అంటే ఏందమ్మా అని అడిగాను. ఒక పిల్ల ఎద్దు అంది. ఒక పిల్ల వార్డెన్ మేడమ్ చెయ్యి అంది. కిటికీ పక్కన కూర్చునే పిల్ల, తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే రకం, తల తిప్పకుండానే చెప్పింది.

"బలమున్నోడు గుంజుకుంటడు సార్. లేనోడు పోనిస్తడు."

పుస్తకంలో నిర్వచనం ఇంత బాగా లేదు. నేను నల్లబల్ల మీద పుస్తకంలోదే రాశాను.

మొదటి నియమం నడిచింది. ఆగి ఉన్న బస్సు కదిలితే వెనక్కి పడతాం, నడిచే బస్సు ఆగితే ముందుకు పడతాం. చర్ల రోడ్డు మీద తిరిగే పిల్లలకు ఇది ఒంటి మీద మచ్చలతో సహా తెలుసు. రెండో నియమం కూడా నడిచింది. మూడో నియమం దగ్గర బండి ఆగింది. నువ్వు దేన్ని ఎంత బలంతో నెడితే అది నిన్ను అంతే బలంతో నెడుతుందని చెప్పి, గోడ మీద చెయ్యి పెట్టి, చూడండి, ఇప్పుడు గోడ నన్ను నెడుతున్నది అన్నాను. పిల్లలు గోడ వంక చూశారు. గోడకేం పని లేదా సార్ అని వెనక నుంచి ఎవరో మెల్లగా అడిగారు.

నవ్వులు ఆగేదాకా ఆగి, ఇంకా పెద్ద మాట వదిలాను. తాడు గుంజే ఆటలో గెలిచినోళ్ళు, ఓడినోళ్ళు ఒకరినొకరు ఒకటే బలంతో గుంజుతారు. ఒక్క వీసం ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. గెలుపు తాడు దగ్గర లేదు, కాళ్ళ కింద ఉంది. నేలను ఎవరు గట్టిగా పట్టుకుంటే వాళ్ళు గెలుస్తారు.

అది నేను ఆ బడిలో చెప్పిన మాటలన్నింటిలోకీ నిజమైన మాట. పులి గురించి చెప్పినప్పుడు కనీసం కొందరు కళ్ళు పెద్దవి చేశారు. దీనికి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. వాళ్ళ తరగతిలో ఒక పిల్ల ఉంది, వంటశాల నుంచి బియ్యం బస్తాను ఒంటిచేత్తో ఈడ్చేస్తుంది. ఆమెను, ఆమె పక్కన కూర్చునే ఈనెపుల్ల లాంటి పిల్లను చూపించి, వీళ్ళిద్దరూ ఒకటే బలంతో గుంజుతరా సార్ అని అడిగారు. గుంజుతారన్నాను. కిటికీ పిల్ల ఈసారి తల తిప్పింది.

"ఇది గూడ పులి లెక్కనే సార్?"

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదని రాద్దామనుకున్నాను గానీ మా ఆవిడ ఇది చదువుతుంది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తింటూ మాత్రం అదే ఆలోచన. ఇన్నాళ్ళూ నా అబద్ధాలు నమ్మారా లేదా అన్నది నాకు పట్టలేదు. ఈ ఒక్క మాట మాత్రం నమ్మించాలి. ఆ ఆపిల్ చెట్టు కింది దొర చెప్పిన మాట నా నోట్లోంచి వచ్చినందుకు గప్పా అయిపోతే, ఆ పిల్లలు రేపు ఏ పరీక్షలోనో దాన్ని బట్టీపట్టి రాస్తారు, లోపల నవ్వుకుంటారు. జీవితమంతా ఖమ్మంలో బట్టీపట్టించిన వాణ్ణి. నవ్వుకుంటూ రాసేవాళ్ళు నాకు కొత్త కాదు. ఇక్కడ ఎందుకో మనసు ఒప్పుకోలేదు.

ఉపాయం తేలికైనదే. రెండు స్ప్రింగు కాంటాలు కావాలి. గడియారంలా గుండ్రటి ముఖం, కింద కొక్కెం, పైన పిడి ఉండి, వేలాడదీసి తూచేవి. రెండింటి కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, ఇటొకరు అటొకరు గుంజితే, రెండు ముళ్ళూ ఒకటే అంకె చూపిస్తాయి. కళ్ళారా చూశాక నమ్మక చస్తారా.

బళ్ళో ల్యాబ్ అంటే ఒక బీరువా. దాని తాళం బదిలీ అయిన టీచరుతోపాటు వెళ్ళిపోయింది. నాకు మా వియ్యంకుడు గుర్తొచ్చాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర భూములు కొని మిరప, పత్తి వేసినవాళ్ళు. ఈయన వ్యవసాయం అన్నకు వదిలి చర్లలో దుకాణం పెట్టాడు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొని ఖమ్మానికి పంపుతాడు. ఆదివారం సంతకు ట్రాలీ ఆటోలో కాంటా, గోనెసంచులు వేసుకుని వెళతాడు. నేను వెళ్ళేసరికి ఆయన దుకాణంలో లేడు. ఇంట్లో చెల్లెమ్మ ఉంది. వియ్యపురాలే, నేను చెల్లెమ్మ అంటాను, ఆవిడ అన్నయ్యగారు అంటుంది. విషయం చెప్పగానే ఆవిడ మరో మాట అడగకుండా దుకాణంలో వేలాడే కాంటా ఒకటి, సంతసంచిలోంచి ఇంకొకటి తీసి ఇచ్చి, కాఫీ కూడా ఇచ్చింది. సంత కాంటా అద్దం పగిలి ఉంది, పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. దాన్ని ఆవిడ ఇచ్చి ఉండాల్సింది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

శుక్రవారం తరగతిని వరండాలోకి తీసుకొచ్చాను. కాంటాలు పైకెత్తి చూపించి, వీటిని ఈ ప్రయోగం కోసం ఖమ్మం నుంచి ప్రత్యేకంగా తెప్పించానని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. రెండు వీధుల అవతల నుంచి తెచ్చానంటే ప్రయోగానికి వచ్చే లోటేమీ లేదు. నోరు అలా అలవాటు పడిపోయింది.

బస్తా పిల్ల చేతికి దుకాణం కాంటా, ఈనెపుల్ల చేతికి ఎర్రగుడ్డ కాంటా ఇచ్చి, కొక్కేలు తగిలించి, గుంజండి అన్నాను. గుంజారు. నేను ముళ్ళ వంక చూడకుండా పిల్లల ముఖాల వంక చూస్తూ, ఎవరి అంకె ఎంతో గట్టిగా చదవండి అన్నాను.

బస్తా పిల్ల ఎనిమిది అంది. ఈనెపుల్ల ఆరు అంది.

వరండా దద్దరిల్లిందని రాయను. నవ్వారు, అంతే. కానీ అది పులికి నవ్విన నవ్వు కాదు. వాళ్ళు మొదటి నుంచీ అంటున్నదే కాంటా కూడా అంటున్నది. బలమున్నదానికి ఎక్కువ, లేనిదానికి తక్కువ. ఇంతకన్నా రుజువేం కావాలి. మళ్ళీ గుంజించాను. మళ్ళీ అంతే తేడా. చెమట తుడుచుకుని, అడవి గాలిలో తేమ ఎక్కువ, స్ప్రింగుల మీద దాని ప్రభావం ఉంటుంది అన్నాను. ఆ తేమ ఒక స్ప్రింగుకే ఎందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. ఖమ్మంలో అయితే అడిగేవాళ్ళు. నమ్మేవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. వీళ్ళు అవ్ సార్, అవ్ సార్ అంటూ తలూపారు. నా జన్మలో అంత వినయమైన తరగతిని చూడలేదు, అంత అవమానమూ పడలేదు.

బెల్లు కొడితే బాగుండునని చూస్తుంటే కిటికీ పిల్ల ముందుకు వచ్చింది. ఆమె ముళ్ళను చూడడం లేదు. ఎర్రగుడ్డను చూస్తున్నది.

"కాంటాలు మార్చి గుంజుదాం సార్," అంది.

నాకు తట్టాల్సిన మాట. తట్టలేదు. మార్పించాను. ఇప్పుడు ఈనెపుల్ల చేతిలో ఎనిమిది, బస్తా పిల్ల చేతిలో ఆరు. బస్తా పిల్లకు రోషం వచ్చి పళ్ళు బిగించి గుంజింది. రెండు ముళ్ళూ పెరిగాయి, ఎర్రగుడ్డది మాత్రం వెనకే ఉండిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. తక్కువ చూపించడం గుంజేవాళ్ళతో రావడం లేదు, కాంటాతో వస్తున్నది. అది నేను వివరించే లోపే వాళ్ళకు అర్థమయింది. ఒక పిల్ల వంటశాలలోకి పరుగెత్తి, కూరగాయలు తూచే కాంటా తెచ్చింది. ఆ బడిలో అటువంటిది ఒకటి ఉందని, అది నా తరగతికి పక్క గోడకే వేలాడుతున్నదని నాకు అంతవరకూ తెలియదు. దుకాణం కాంటా, వంటశాల కాంటా తగిలించి గుంజారు. బస్తా పిల్ల గుంజినా, ఈనెపుల్ల గుంజినా, చివరికి ఒకవైపు ముగ్గురు, మరోవైపు ఒక్కరు చేరి గుంజినా, రెండు ముళ్ళూ ఒక్క అంకె దగ్గరే. ముగ్గురు చేరినప్పుడు ఒక్కత్తె వరండా గచ్చు మీద జారుకుంటూ వచ్చేసింది. అలా జారుతున్నప్పుడు కూడా ముళ్ళు ఒకటే చూపించాయి. గెలుపు కాళ్ళ కింద ఉంది అని నేను అనలేదు. వాళ్ళే తమ కాళ్ళ వంక చూసుకున్నారు.

అక్కడితో ఆపేస్తే ఇది నా విజయగాథ అయ్యేది. కానీ కిటికీ పిల్ల ఎర్రగుడ్డ కాంటాను వదల్లేదు. దాని పగిలిన అద్దం మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"దీన్ని ఖమ్మం నుంచి తెప్పిచ్చిన్రా సార్?"

తెప్పించానన్నాను.

"మా అమ్మ చింతపండు దీనిల్నే ఏస్తది. ఇంటికాడ కుంచంతోని కొలిచి తీస్కపోతది. ఈడ సంతల తక్కువొస్తది. అడవి సరుకు దార్ల ఎండి తరుగుతదని సేటు చెప్తడు. మా నాయినేమో తొవ్వల ఎవరికి పెట్టినవని మా అమ్మను అడుగుతడు."

ఆమె గొంతు పెంచలేదు. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు. వాళ్ళ నాన్న అడిగిన మాటకు వాళ్ళమ్మ ఇన్నాళ్ళూ ఏం జవాబు చెప్పిందో నేను అడగలేకపోయాను. తరగతి మొత్తం నన్నే చూస్తున్నది. నాకు అప్పటికప్పుడు మూడు కథలు తట్టాయి. ఖమ్మం యార్డులో నా మిత్రుడిదనీ, పాత సామాన్ల దుకాణంలో కొన్నాననీ, అటువంటి ఎర్రగుడ్డలు చాలామంది చుడతారనీ. మూడూ బాగానే ఉన్నాయి. మూడింట్లో ఏది చెప్పినా మా అమ్మాయి అత్తవారిల్లు చల్లగా ఉంటుంది. కానీ మూడో నియమం ఇప్పుడే నిలబడింది, పది నిమిషాలు కూడా కాలేదు. ఇప్పుడు ఒక గప్పా వదిలితే దాంతోపాటు అదీ పోతుంది.

మా వియ్యంకుడిది అని చెప్పాను.

ఆ పిల్లే మళ్ళీ అడిగింది. "మీ వియ్యంకునికి చెప్తరా సార్?"

"చెప్తనమ్మా."

అప్పుడు నవ్వారు. ఇంతసేపూ పట్టి ఉంచుకున్న నవ్వంతా అప్పుడు నవ్వారు. పులిని చూశానంటే నమ్మవచ్చునేమో గానీ, పిల్లనిచ్చిన ఇంటికి వెళ్ళి వియ్యంకుడి కాంటా తప్పని చెప్పే తండ్రిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

మర్నాడు రెండో శనివారం. మమ్మల్ని భోజనానికి పిలిచారు. కాంటాలు సంచిలో వేసుకుని మా ఆవిడతో కలిసి వెళ్ళాను. దారిలో ఆమెకు సంగతి చెప్పాను. ఆమె ఆగి, కొంగు సర్దుకుని, నోరు మూసుకుని తినొస్తే సాయంత్రం బజ్జీలు వేస్తానంది. బజ్జీలకు లొంగే మనిషినని ఆమెకు తెలుసు.

ఆ భోజనాల బల్ల దగ్గర నేను పిడికిలితో బల్ల గుద్ది, బావగారూ, ఇది అన్యాయం అని గర్జించానని ఆ తర్వాత ఒకరిద్దరికి చెప్పాను. జరిగింది వేరు. ముద్దపప్పు అయింది, వంకాయ అయింది, చారు కూడా అయిపోవచ్చింది. నేను వాన గురించి, మిరప గురించి, మనవడి పళ్ళ గురించి మాట్లాడాను. చివరికి మాట ఎత్తింది ఆయనే. మనిషి భారీ, గొంతు మెత్తన.

"నా కాంటాలు పిల్లల చదువుకి పనికొచ్చాయంటే నాకు చాలా సంతోషమండీ బావగారూ."

"మస్తు పనికొచ్చినయి బావగారూ," అన్నాను చారు జుర్రుకుంటూ. "ఒకటి మూడో నియమం ఉన్నదన్నది. ఇంకోటి లేదన్నది."

ఆయన నవ్వి, సంత కాంటా పాతదండీ, స్ప్రింగు బిగిసిపోయి ఉంటుంది అన్నాడు. అక్కడ ఊరుకుంటే సరిపోయేది. కానీ భౌతికశాస్త్రం తప్పు మాట్లాడితే నేను ఊరుకోలేను. పులుల గురించి ఎంత తప్పు మాట్లాడినా ఊరుకుంటాను.

"పాతబడ్డ స్ప్రింగు సాగుతది బావగారూ. సాగితే ఎక్కువ చూపిస్తది. తక్కువ చూపియ్యాలంటే ఎవరో గట్టి స్ప్రింగు కొత్తది ఎయ్యాలె."

మా అమ్మాయి పెరుగుగిన్నెతో ఆగిపోయింది. మా ఆవిడ బల్ల కింద నా పాదం తొక్కింది. ఆమె ఎంత బలంతో తొక్కిందో నా పాదమూ ఆమె పాదాన్ని సరిగ్గా అంతే బలంతో పైకి నెట్టింది. నొప్పి మాత్రం నాకే వచ్చింది. అది ఏ నియమంలో ఉందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

సంతలో అందరివీ అలాగే ఉంటాయండీ అన్నాడాయన, నా వైపు కాకుండా చారు వైపు చూస్తూ. తనొక్కడే సరిగ్గా తూస్తే రేటులో తట్టుకోలేడట. ఇంకో మాట అనడానికి నాకు ధైర్యం అయిపోయింది, ఉన్నదంతా స్ప్రింగు మాటకే ఖర్చయింది. ఆయన తల ఎత్తాడు.

"ఇది ఎవరి కాంటానో పిల్లలకి చెప్పారా?"

"చెప్పిన."

ఆయన చేతిలో ముద్ద విస్తట్లోకి తిరిగి వెళ్ళింది. చెల్లెమ్మ లోపలి గుమ్మంలో నిలబడి, తను ఇచ్చిన కాంటాల వంక, తను ఇచ్చిన కాఫీ తాగిన నా వంక మార్చి మార్చి చూసింది. మా అమ్మాయి మాత్రం, మామయ్యా, పెరుగు వెయ్యనా అని అడిగింది. ఆయన వెయ్యమన్నాడు.

గేటు దగ్గర మా అమ్మాయి నన్ను పట్టుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నన్ను కోప్పడేటప్పుడు దాని మాట చిన్నప్పటి ఖమ్మం మాటే.

"గిట్ల విస్తరి ముందట కూసొని మాట్లాడుతరా నాన్న? నేను ఈ ఇంట్ల ఉండాల్నా వద్దా?"

తప్పయింది బిడ్డా అన్నాను. ఈ మాటలో కోత లేదు. ఆ క్షణాన బళ్ళో ఉన్న పిల్లలందరూ నన్ను నమ్మకపోయినా ఫర్వాలేదనిపించింది. అది కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఎర్రగుడ్డది బియ్యం డబ్బాల ఏసిన. రేపు ఆయనకు దుకాణం కాంటానే దొరుకుతది. మీరు మాత్రం సంత దిక్కు రాకుండ్రి."

రావద్దంటే వెళ్ళకుండా ఉండే మనిషినైతే నాకు ఈ కథే లేదు. ఆదివారం పొద్దున పచ్చిమిరపకాయలు కావాలని మా ఆవిడ అనకముందే సంచి పట్టుకుని బయల్దేరాను. మా వియ్యంకుడు ప్రతివారం కూర్చునే చోటే, మూడు వెదురుకర్రలు కట్టి, దానికి కాంటా వేలాడదీశాడు. ఎర్రగుడ్డ లేదు. పక్కనే చేపలమ్మే ఆమె కొట్టు. ఆ కొట్టు వెనక ఐసు గంపల చాటున నిలబడ్డాను. నేను అక్కడ చేపలు బేరం చేస్తున్నానని ఎవరైనా అనుకుంటారని నా ఆశ. మేము శాకాహారులమని ఆ సంతంతటికీ తెలుసు.

కిటికీ పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. హాస్టల్ పిల్లలకు సంత రోజున తల్లిదండ్రులు వస్తే బయటకు పంపుతారు. ఆ తల్లి నెత్తి మీది చింతపండు మూట దించింది. కానీ కాంటాకు తగిలించలేదు. చేపలామె దగ్గరకు వచ్చి, నన్ను చూసి కూడా చూడనట్టే, ఆమె కాంటా అడిగి తీసుకుంది. దాని కొక్కెం మా వియ్యంకుడి కాంటా కొక్కేనికి తగిలించి, మీరు అటు గుంజుండ్రి సేటూ అంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"రెండు మంచియైతే ఒక్క తీర్గ చూపియ్యాలె. ఎవరు గుంజినా."

"మీ సారు చెప్పాడా?"

"సారు జెప్తే నమ్మేటోళ్ళమా," అంది ఆమె. "పిల్లలు గుంజి చూసిన్రు."

ఐసు గంపల వెనక నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. మూడో నియమం ఆ అడవి దాకా వెళ్ళింది. నా పేరు మోసుకుని వెళ్ళలేదు, అంతే. ఖమ్మంలో నా దగ్గర చదివి పెద్దవాళ్ళయిన వాళ్ళు ఎవరో ఒకరు, అప్పుడప్పుడు, సార్, మీరు చెప్పిందంతా ఇంకా గుర్తుందండీ అంటారు. వాళ్ళెవరూ ఒక కాంటాను కూడా గుంజి చూసి ఉండరు.

మా వియ్యంకుడు కర్రల మీంచి కాంటా దించి, ఆమెకు ఎదురుగా నిలబడి గుంజాడు. ఆయనకూ ఆమెకూ ఒడ్డూ పొడుగులో సగానికి సగం తేడా. రెండు ముళ్ళూ ఒక్కచోటే ఆగాయి. ఆమె తలూపి, కాంటా తిరిగి కర్రలకు ఎక్కాక మూట తగిలించింది. తూకం ఈసారి ఇంటి దగ్గరి కొలతకు సరిపోయినట్టుంది. కాంటా ముఖం వైపు ఇంకాసేపు చూసి, తర్వాత కూతురి వైపు చూసింది. అది చూసి వెనక నిలబడ్డ ఆడవాళ్ళు వరసగా, మాకు గూడ గుంజి చూపియ్యమన్నారు. ఇద్దరయ్యారు, ముగ్గురయ్యారు. మా వియ్యంకుడికి చెయ్యి లాగింది. అప్పుడు ఆయన ఐసు గంపల వైపు తిరిగి, నన్ను ఎప్పుడో చూసినట్టున్నాడు, మెత్తగా పిలిచాడు.

"బావగారూ, ఇలా రండి. ఇది మీరు పెట్టిన ప్రయోగమే కదండీ. ఆ చివర మీరే పట్టుకోండి."

ఆయన గొంతులో కోపం ఎంతో, ఎగతాళి ఎంతో కొలవడానికి నా దగ్గర కాంటా లేదు. వెళ్ళి పట్టుకున్నాను. ఎదురుగా ఒక ముసలమ్మ, నాకన్నా పెద్దది, ఇప్పపువ్వు గంప పక్కన పెట్టి కొంగు నడుముకు దోపుకుని అవతలి కాంటా అందుకుంది. నేను నవ్వుతూ, మెల్లగా గుంజవ్వా అన్నాను. ఆమె మెల్లగా గుంజలేదు. చేపల నీళ్ళు పారి ఆ చోటంతా జారుడుగా ఉంది, నా చెప్పులు అరిగి నున్నగా ఉన్నాయి. ముళ్ళు రెండూ సమానంగానే ఉన్నాయి. నేను మాత్రం ఆమె వైపుకు జారిపోతూ ఉన్నాను. సంత అంతా నవ్వింది. మా వియ్యంకుడు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. శనివారం తర్వాత ఆ ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు.

కిటికీ పిల్ల ముందుకు వచ్చి, నా కాళ్ళ వంక చూసి, తరగతిలో జవాబు చెప్పినట్టే చెప్పింది.

"చెప్పులు ఇడువుండ్రి సార్. నేల దొరుకుతది."

విడిచాను. కాలి వేళ్ళు బురదలో దిగాయి. ముసలమ్మ ఇంకోసారి గుంజింది. ఈసారి నేను కదల్లేదు. ఆమె కదిలిందని రాయాలని ఉంది గానీ, ఆమె కూడా కదల్లేదు.